లెన్సు కన్నా బరువైన చీటీ

హైదరాబాద్‌లో చాలా కళ్లజోళ్ల దుకాణాల్లో "మైనస్ మూడున్నర, నెలవి, రెండు డబ్బాలు" అంటే చాలు, కౌంటరు వెనక కుర్రాడు అరలోంచి తీసి ఇస్తాడు. అదే మనిషి ఆర్నెల్ల తరవాత డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అదే కంపెనీ కాంటాక్ట్ లెన్సు, అదే నంబరు అడిగితే మొదట ఎదురయ్యే ప్రశ్న "మీ డాక్టరెవరు?" అని. హైదరాబాద్ డాక్టరు పేరు చెబితే పని జరగదు. ఆ దేశంలో లైసెన్సున్న కంటి డాక్టరో ఆప్టోమెట్రిస్టో రాసిన చీటీ కావాలి. దానికోసం పరీక్షకు ఒక ఫీజు, లెన్సు కంటికి సరిపోయిందో లేదో చూసినందుకు మరో ఫీజు. ఉద్యోగంతో పాటు వచ్చిన ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే, మామూలు కంటి పరీక్ష అందులోకి రాదనీ, దానికి విజన్ ఇన్సూరెన్సు వేరే తీసుకోవాలనీ చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

కన్ను మారలేదు, లెన్సూ మారలేదు. దేశం మారేసరికి చేతిలోని చీటీకి విలువ పోయింది. ఇంత చిన్న ప్లాస్టిక్ బిళ్ల చుట్టూ ఇన్ని కాగితాలు ఎలా పుట్టుకొచ్చాయో తెలియాలంటే సుమారు 130 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1888లో జూరిచ్‌లో పనిచేస్తున్న అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ డాక్టరు గాజుతో చేసిన కంటి చిప్పల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. ముందు కుందేళ్ల కళ్లకు పెట్టి చూశాడు, తరవాత తన కంటికే పెట్టుకున్నాడు. ఆ చిప్ప నల్లగుడ్డును దాటి తెల్లగుడ్డు మీద కూడా పరుచుకునేంత పెద్దది. రెండు గంటలు ఉంచుకుంటే గొప్ప. మరుసటి ఏడాది కీల్ నగరంలో ఆగస్ట్ ముల్లర్ అనే వైద్య విద్యార్థి, దూరం బొత్తిగా ఆనని తన మైనస్ పద్నాలుగు కళ్ల కోసం ఇలాంటివే చేయించుకుని, అదే విషయం మీద పరిశోధన పత్రం సమర్పించాడు. అరగంటకే నొప్పి భరించలేకపోయేవాడు. అయినా చూపు మీద ఆశ అతన్ని ఆ గాజు చిప్పల దాకా నడిపించింది.

ఆ రోజుల్లో లెన్సంటే అక్షరాలా చేతిపని. బుడాపెస్ట్ డాక్టరు జోసెఫ్ డాలోస్ బతికున్న కంటి మీదే మెత్తని పదార్థంతో అచ్చు తీసి, దానికి సరిగ్గా కుదిరే గాజు లెన్సు చేసేవాడు. 1937లో ఆయన లండన్ వెళ్లి స్థిరపడ్డాడు, ఆయనతో పాటు ఆ విద్యా వెళ్లింది. 1948లో అమెరికాలో కెవిన్ టుయోహీ నల్లగుడ్డు మీద మాత్రమే నిలిచే చిన్న ప్లాస్టిక్ లెన్సు తెచ్చాడు. జపాన్‌లోని నగోయాలో ఒక కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే క్యోయిచి తనాకా కథ మరీ ముచ్చటైనది. అమెరికన్ సైనికాధికారి భార్య ఒకావిడ తన దగ్గర కాంటాక్ట్ లెన్సులున్నాయని చెప్పింది గానీ, చూపించమంటే ఒప్పుకోలేదు. ఆ కుర్రాడు చూడకుండానే ఊహించుకుని, 1951 నాటికి సొంతంగా తయారుచేశాడు. ఈనాటి మెనికాన్ కంపెనీకి పునాది అదే.

ఇవన్నీ గట్టి లెన్సులు. మెత్తని లెన్సు కథ చెకోస్లొవేకియాలో మొదలైంది.

1952లో ఒట్టో విక్టర్లే అనే రసాయన శాస్త్రవేత్త ప్రాగ్ వెళ్లే రైల్లో కూర్చున్నాడు. ఎదుటి ప్రయాణికుడు కంటిలో అమర్చే లోహపు భాగాల గురించి ఏదో పత్రికలో చదువుతున్నాడు. మాట కలిసింది. కంటిలాంటి తడి అవయవానికి లోహం ఎందుకు, నీటిని పీల్చుకునే ప్లాస్టిక్ ఉంటే బాగుంటుంది కదా అని విక్టర్లే అన్నాడు. ఊరికే అనడంతో ఆగలేదు. సహచరుడు ద్రహోస్లావ్ లిమ్‌తో కలిసి నీరు పీల్చి మెత్తబడే జెల్‌ను తయారుచేశాడు. 1960లో నేచర్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. అయితే దాన్ని లెన్సుగా మలిచే పద్ధతి కుదరలేదు. అచ్చుల్లో పోస్తే అంచులు చిరిగేవి. ప్రభుత్వం ఆ పనిని ఆపేయమంది. అప్పటికే ఆయన 1958లో రాజకీయ కారణాలతో విశ్వవిద్యాలయ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి.

1961 క్రిస్మస్‌కు ఆయన ఆ పని ఇంటికి తెచ్చుకున్నాడు. పిల్లలు ఆడుకునే మెర్కుర్ అనే లోహపు బిగింపు ముక్కలు, సైకిల్ డైనమో, కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్, ఇవే ఆయన సామగ్రి. గిరగిర తిరిగే చిన్న గిన్నెలో ద్రవం చుక్క వేస్తే, ఆ తిరుగుడుకే అది అంచులకు పాకి, లెన్సు ఆకారంలో గట్టిపడింది. కుమ్మరి సారె మీద మట్టికి రూపం వచ్చినట్టే, కాకపోతే ఇక్కడ చేతి స్పర్శ లేదు. క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నానికి నాలుగు లెన్సులు సిద్ధమయ్యాయి. తరవాతి నెలల్లో ఆయన, భార్య లిండా కలిసి ఇంట్లోనే వేలకొద్దీ లెన్సులు తీశారు. ఈరోజు కోట్లమంది ఉదయం లేవగానే వేలి కొనమీద పెట్టుకునే ఆ తడి బిళ్ల పుట్టిల్లు ఒక మధ్యతరగతి ఇల్లు. ఈ సంగతి ప్రతి లెన్సు డబ్బా మీదా అచ్చు వేయదగినది.

తరవాత లెన్సు కూడా వలస వెళ్లింది. 1965లో చెకోస్లొవేకియా దాని హక్కులను అమెరికాకు చెందిన నేషనల్ పేటెంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు అమ్మింది. మరుసటి ఏడాది అవి న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని బాష్ అండ్ లాంబ్ కంపెనీకి చేరాయి. 1971లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతితో సాఫ్‌లెన్స్ పేరుతో ఈ మెత్తని లెన్సు అమ్మకాలు మొదలయ్యాయి. విక్టర్లేకు ముట్టింది చాలా స్వల్పం. పైగా 1968 ప్రాగ్ సంస్కరణల ఉద్యమానికి మద్దతిచ్చాడని, తాను నిలబెట్టిన సంస్థలోనే డైరెక్టరు పదవి పోగొట్టుకున్నాడు. 1990లో పరిస్థితులు మారాక ఆయన్ను పిలిచి సైన్సు అకాడమీ అధ్యక్షుణ్ని చేశారు. 1998లో కన్నుమూశాడు.

యంత్రాల మీద లెన్సులు తయారవడం మొదలయ్యాక తయారీ ఖర్చు దిగిపోయింది. 1980ల చివర్లో జాన్సన్ అండ్ జాన్సన్ వారి ఆక్యువ్యూ వచ్చింది, వాడి పారేసే లెన్సుల కాలం మొదలైంది. 1990ల మధ్యకు రోజుకో జత పారేసే రకాలూ వచ్చాయి. మరి కొనేవాడికి ధర ఆ మేరకు తగ్గిందా? అక్కడే ఉంది అసలు గొడవ. అదే లెన్సును బాష్ అండ్ లాంబ్ మూడు పేర్లతో, మూడు ధరలకు అమ్ముతోందని 1990లలో అమెరికన్ పత్రికలు బయటపెట్టాయి. ఒక పేరుతో ఉన్నదాన్ని ఏడాదంతా వాడుకోమన్నారు, మరో పేరుతో ఉన్నదాన్ని కొన్ని వారాలకే పారేయమన్నారు. వినియోగదారులు కోర్టుకెళ్లారు. చివరికి కంపెనీ పరిహారం ఇచ్చి రాజీపడింది. ఇది మోసమా, వ్యాపారమా అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. కన్ను విషయంలో తెలియనివాడి నమ్మకం మీద ధర కట్టడాన్ని మోసం అనడానికి సందేహించనక్కరలేదు.

రెండో పోరాటం చీటీ మీద. కళ్లజోడు చీటీని డాక్టరు రోగికి ఇచ్చి తీరాలని అమెరికాలో 1978లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం పెట్టింది. లెన్సులకు మాత్రం ఆ వరం లేదు. చాలా రాష్ట్రాల్లో పరీక్ష చేసిన డాక్టరు చీటీ తన దగ్గరే ఉంచుకుని, లెన్సులు తన దగ్గరే కొనేలా చేయగలిగేవాడు. లెన్సు తయారీదారులు, ఆప్టోమెట్రిస్టులు కలిసి చౌక అమ్మకాలను అడ్డుకుంటున్నారని ముప్పైకి పైగా రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. ఆ వ్యాజ్యం 2001లో రాజీతో ముగిసింది. 2003లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది, అది 2004 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. లెన్సు అమర్చడం పూర్తికాగానే, రోగి అడిగినా అడగకపోయినా చీటీ ప్రతి ఇవ్వాలి, దానికి అదనంగా డబ్బు తీసుకోకూడదు. బయట కొంటే, అమ్మే సంస్థ డాక్టరును సంప్రదించి సరిచూసుకోవాలి. డాక్టరు ఎనిమిది పనిగంటల్లో బదులివ్వకపోతే సరుకు పంపేయవచ్చు. చీటీ గడువు మామూలుగా ఏడాదికి తగ్గకూడదు.

సరిహద్దు దాటితే ఈ లెక్క మళ్లీ మారుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2010లో ఆన్‌లైన్‌లో లెన్సులు అమ్మేవారికి చీటీ చూపించాలన్న నిబంధనను ఎత్తేసింది. అమెరికాలో 2005 చట్టం ప్రకారం నంబరు లేని రంగుల లెన్సు కూడా వైద్య పరికరమే, దానికీ చీటీ కావాలి. అందుకే కొత్త దేశంలో అడుగుపెట్టినవారు ముందు అక్కడి నియమం తెలుసుకోవాలి, ధర తరవాత.

ఈ చరిత్రలో తెలుగువారికీ ఒక చోటుంది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్వదేశానికి తిరిగొచ్చి, సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ అండతో 1987లో హైదరాబాద్‌లో నేత్ర వైద్య సంస్థ నెలకొల్పారు. అక్కడి ఆప్టోమెట్రీ కళాశాల చాలా ఏళ్లు బాష్ అండ్ లాంబ్ పేరుతోనే నడిచింది. 1999లో మార్కెట్లోకి వచ్చిన, కంటికి ఎక్కువ ఆక్సిజన్ అందించే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సుల వెనక కృషి చేసిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్ పేరు కూడా ఆ సంస్థతో ముడిపడి ఉంది.

ఖర్చు తగ్గించుకోవడంలో ఒక హద్దు ఉంది, దాన్ని అమెరికా 1980ల మధ్యలోనే చూసింది. దుకాణంలో దొరికే ద్రావణానికి డబ్బు ఎందుకని కొందరు ఉప్పు బిళ్లలను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి ఇంట్లోనే సెలైన్ చేసుకున్నారు. నీటిలో బతికే అకాంతమీబా అనే సూక్ష్మజీవి వాళ్లలో కొందరి నల్లగుడ్డును తినేసింది. కొందరి చూపు పోయింది. నెల లెన్సును రెండు నెలలు లాగడం, కుళాయి నీళ్లతో కడగడం ఆ కోవలోనివే. ఆదా చేయాల్సింది కొనే చోట, వాడే చోట కాదు.

ఇక చీటీని దగ్గరగా చూస్తే, దాని మీద నంబరొక్కటే ఉండదు. బి.సి. 8.6 అంటే లెన్సు వంపు, డయా 14.2 అంటే వెడల్పు, రెండూ మిల్లీమీటర్లలో. కంపెనీ పేరూ, లెన్సు రకం పేరూ తప్పక ఉంటాయి. కళ్లజోడు నంబరు దీనికి పనికిరాదు. జోడులో మైనస్ ఆరు ఉన్నవాడికి లెన్సులో దాదాపు మైనస్ అయిదున్నర చాలు, ఎందుకంటే లెన్సు కంటిని అంటుకునే ఉంటుంది, జోడు సెంటీమీటరుకు పైగా దూరంలో ఉంటుంది. అమర్చి చూసే ఫీజు ఊరికే పోదని చెప్పడానికి ఈ అరనంబరు తేడా చాలు.

విదేశం వెళ్లేవారు బయల్దేరే ముందు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లెన్సు పరీక్ష చేయించుకుని, ఈ వివరాలన్నీ రాసిన చీటీ తీసుకెళ్లండి. అక్కడ లెన్సులు కొనడానికి అది చెల్లకపోయినా, కొత్త డాక్టరుకు మీ కన్ను గురించి చెబుతుంది. గడువు తేదీ చూసుకుని కొన్ని నెలలకు సరిపడా డబ్బాలు, ఒక కళ్లజోడు పెట్టెలో పెట్టుకోండి. అమెరికాలో లెన్సు అమర్చడం పూర్తయ్యాక డాక్టరు గదిలోంచి చీటీ చేతికి రాకుండా బయటికి రావద్దు. అది మీకు ఇవ్వాల్సిందేనని 2004 నుంచి చట్టం చెబుతోంది.