ఆచార్య జి. రాంరెడ్డి: గ్రామ పంచాయతీ నుండి సార్వత్రిక విశ్వవిద్యాలయం వరకు

మన షోలాపూర్ తెలుగువారిలో అనేకుల పూర్వీకులు కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి మగ్గం పనికై వలస వచ్చినవారే. ఆ కరీంనగర్ జిల్లా మైలారం గ్రామంలో 1929లో జన్మించిన విద్వాంసుడు ఆచార్య జి. రాంరెడ్డి. ఆయన పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాలలో కనబడదు. అయినను ఆయన కృషి ఫలాన్ని అనుభవించినవారు మన పాఠశాల పూర్వ విద్యార్థులలోనూ ఉన్నారు. ప్లాటినం జూబిలీ సంచికలో ఆయనను స్మరించుట సముచితమని తోచినది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన బోధించిన శాస్త్రం ప్రభుత్వ పాలన. ఒకప్పుడు ఆ శాస్త్రం సచివాలయాల చుట్టూ, పెద్ద అధికారుల విధుల చుట్టూ తిరుగుతుండేది. రాంరెడ్డి గారు దృష్టిని పల్లె వైపు మరల్చిన పండితులలో ఒకరు. 1957 నాటి బల్వంతరాయ్ మెహతా సంఘం సిఫార్సుల మేరకు 1959లో రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు ముందుగా పంచాయతీరాజ్ వ్యవస్థను చేపట్టాయి. కాగితంపై వ్రాసిన ఆ వ్యవస్థ ఊరిలో ఎట్లు నడుచుచున్నది? ఎవరు ఓటు వేస్తున్నారు? ఏ కారణంతో వేస్తున్నారు? వరంగల్ జిల్లా పంచాయతీ ఎన్నికలలో ఓటరు ప్రవర్తనను పరిశీలించి, కె. శేషాద్రి గారితో కలిసి ఆయన వ్రాసిన గ్రంథం 1972లో వెలువడింది. శాసనసభ ఎన్నికల గురించి వ్రాసేవారు చాలమంది ఉంటారు; సర్పంచ్ ఎన్నికను శాస్త్రీయ పరిశీలనకు తగిన విషయంగా భావించుటలోనే ఆయన ప్రత్యేకత ఉన్నదని నా అభిప్రాయం.

1977లో ఆయన సంపాదకత్వాన వెలువడిన మరొక గ్రంథం వివిధ రాష్ట్రాల పంచాయతీరాజ్ పద్ధతులను పక్కపక్కన ఉంచి చూపింది. రెండు రాష్ట్రాలతోనూ బంధుత్వమున్న మనకు ఈ భేదం సులభంగా బోధపడుతుంది. నాటి ఆంధ్రప్రదేశ్‌లో అభివృద్ధి పనుల బరువు సమితిపై పడింది. మహారాష్ట్రలో 1962 నుండి జిల్లా పరిషత్తే బలమైన అంగము. మన చుట్టుపక్కల పల్లెల్లో ప్రాథమిక పాఠశాలలకు జిల్లా పరిషత్తు పేరు ఉండుటకు మూలమదే. ఒకే ఆశయం, రెండు నిర్మాణాలు. ఎన్నికలు సకాలంలో జరగనిచో ఏ నిర్మాణమైనా వట్టి గుల్లయే. ఆంధ్రప్రదేశ్‌లో 1970 తరువాత గ్రామ పంచాయతీ ఎన్నికలు మళ్ళీ 1981లోగాని జరుగలేదు. అయిదేళ్ళకొకసారి ఎన్నిక తప్పనిసరి అన్న నియమం 73వ రాజ్యాంగ సవరణ ద్వారా 1993లో అమలులోకి వచ్చింది. అది రాంరెడ్డి గారి ఒక్కరి ఘనత అనుట అతిశయోక్తి. అయితే అటువంటి సవరణ ఎందుకు అవసరమో ఎరిగిన తరం ఒకటి ఈ పరిశోధకుల వలన తయారైనది.

1977 నుండి 1982 వరకు ఉస్మానియా ఉపకులపతిగా ఉన్న ఆయన, 1982లో హైదరాబాదులో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయినారు. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991 నుండి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరున నడుస్తున్నది. బడి చదువు మధ్యలో ఆగినవారు సైతం నాడు ఒక అర్హత పరీక్ష వ్రాసి పట్టభద్ర తరగతిలో చేరగలిగేవారు. పాఠాలు తెలుగులో అచ్చై ఇంటికి వస్తాయి, ఆకాశవాణిలో వినవచ్చు, ఉన్న కళాశాలలనే అధ్యయన కేంద్రాలుగా చేసి సెలవు దినాలలో అధ్యాపకులు సందేహాలు తీరుస్తారు. పంచాయతీలను చదివిన మనిషి విశ్వవిద్యాలయాన్ని ఊరికి చేర్చుటలో నాకు ఆశ్చర్యం లేదు. పాలన ప్రజల వద్దకు వెళ్ళవలెనన్న ఆలోచనయే ఇక్కడ చదువు రూపం దాల్చినది.

ఆ పైన 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ప్రథమ ఉపకులపతి, 1991 నుండి 1995 వరకు విశ్వవిద్యాలయాల నిధుల సంఘానికి అధ్యక్షుడు. 1995లో లండన్‌లో కన్నుమూశారు.

దూరవిద్యను నేను తొలుత నమ్మలేదని ఒప్పుకోవలె. ఎదుట గురువు లేని చదువు చదువేనా అని వాదించినదానను. మధ్యలో మానివేసేవారు చాలమంది ఉంటారన్న భయం నేటికీ నాకు పోలేదు. అయితే మన బడిలో ఏడవ తరగతి దాటక ముందే బీడీలు చుట్టుటకు ఇంట కూర్చున్న ఒక బాలిక, పెండ్లి అనంతరం హైదరాబాదు చేరి, ఇద్దరు పిల్లల తల్లియై, ఆ అర్హత పరీక్ష వ్రాసి తెలుగు మాధ్యమంలోనే బి.ఏ. పూర్తిచేసినది. పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు, “టీచర్, నాకు రెండోసారి బడి దొరికింది” అన్నది. తన పాఠ్యపుస్తకాలను మన గ్రంథాలయానికి ఇచ్చి వెళ్ళినది. వానిలో ప్రభుత్వ పాలనాశాస్త్రం పుస్తకం ఒకటి. దాని అంచులలో పెన్సిలుతో ఆమె వ్రాసుకొన్న అర్థాలు ఇంకను చెరగలేదు.