మారని అంకెలు, మారిన స్థానం: పోకెమాన్ పోటీ రంగంలో జెంగార్ – తొమ్మిది తరాల పరిశీలన

ప్రవేశిక

జపాన్‌లో 1996 ఫిబ్రవరిలో ‘పోకెమాన్ రెడ్’, ‘గ్రీన్’ విడుదలయ్యాయి. 2022 నవంబరులో ‘స్కార్లెట్’, ‘వయొలెట్’ వచ్చేనాటికి ఆ ప్రధాన శ్రేణి తొమ్మిదో తరంలో అడుగుపెట్టింది. ప్రతి తరంలోనూ కొత్త పోకెమాన్లు చేరాయి, పోరాట నియమాలు మారాయి. వందల సంఖ్యలో ఉన్న ఈ ప్రాణుల్లో గట్టి పోటీలో నిలబడగలిగేవి కొన్నే. ఒకప్పుడు ప్రతి జట్టులోనూ కనిపించిన పోకెమాన్ కొన్నేళ్లకు ఎందుకు కనుమరుగవుతుందని అడిగితే ఆటగాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే సమాధానం ‘పవర్ క్రీప్’. తరం మారేకొద్దీ కొత్తగా వచ్చేవాటి బలం పెరుగుతుందని, పాతవి దానికి తాళలేక వెనకబడతాయని దీని సారాంశం.

ఈ సమాధానంలో నిజం ఉంది, అయితే అది సగం నిజమే. పోటీలో ఒక పోకెమాన్ నిలబడటం దాని అంకెల మీద ఎంత ఆధారపడుతుందో, ఆ అంకెలకు విలువ కట్టే నియమాల మీద అంతకంటే ఎక్కువగా ఆధారపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. అందుకు జెంగార్ అనే పోకెమాన్ చరిత్రను ఆధారంగా తీసుకుంటోంది.

పరిశీలనకు జెంగార్ ఎందుకు?

ఒక కారణం ఫలితాన్ని ఎంత ప్రభావితం చేసిందో తేల్చాలంటే మిగతావాటిలో ఏదో ఒకటి స్థిరంగా ఉండాలి. జెంగార్ విషయంలో ఆ స్థిరత్వం అరుదైన స్థాయిలో దొరుకుతుంది. దాని హెచ్.పి. 60, అటాక్ 65, డిఫెన్స్ 60, స్పీడ్ 110. మొదటి తరంలో స్పెషల్ అనే ఒకే అంకె 130 ఉండేది. రెండో తరంలో దాన్ని విడదీసినప్పుడు స్పెషల్ అటాక్ 130, స్పెషల్ డిఫెన్స్ 75 అయ్యాయి. అక్కడి నుంచి మామూలు జెంగార్ అంకెల్లో ఒక్కటీ మారలేదు. ఆరో తరంలో పలు పాత పోకెమాన్లకు అంకెలు పెంచారు. జెంగార్ లాగే వేగంతో, స్పెషల్ దాడితో బతికే అలకజామ్‌కు స్పెషల్ డిఫెన్స్ 85 నుంచి 95కు పెరిగింది. జెంగార్‌కు ఆ పెంపు దక్కలేదు. ఘోస్ట్, పాయిజన్ అనే దాని రెండు టైపులూ మొదటి నుంచీ అవే.

‘పోటీలో నిలబడటం’ అన్న మాటను ఈ వ్యాసంలో రెండు రంగాలకు పరిమితం చేస్తున్నాను. మొదటిది స్మోగన్ సముదాయం నిర్వహించే ఆరుగురికి ఆరుగురి సింగిల్స్ పోరు. వాడకం శాతాన్ని బట్టి ఇక్కడ పోకెమాన్లను శ్రేణులుగా విభజిస్తారు. పై శ్రేణికి చాలాకాలం గీటురాయిగా ఉన్న 3.41 శాతం గాలివాటు అంకె కాదు. 20 ఆటలు ఆడితే ఆ పోకెమాన్ కనీసం ఒక్కసారైనా ఎదురుపడే అవకాశం సగానికి సగం ఉండాలన్న లెక్కతో వచ్చింది. రెండోది వీజీసీ పేరుతో జరిగే అధికారిక డబుల్స్ పోటీ. ఇందులో ఆరింటి జట్టు నుంచి నాలుగింటిని ఎంచుకుని, 50వ లెవెల్‌లో ఇద్దరిద్దరి చొప్పున పోరాడిస్తారు.

తొలి మూడు తరాలు: ఆయుధం లేని యోధుడు

మొదటి తరంలో జెంగార్ పరిస్థితి విచిత్రమైనది. ఘోస్ట్ టైపు దాడి సైకిక్ టైపు మీద బలంగా పనిచేయాల్సింది. ప్రోగ్రామింగ్ లోపం వల్ల అసలు ప్రభావమే చూపేది కాదు. పైగా ఆ టైపులో మామూలు పద్ధతిలో దెబ్బతీసే మూవ్ ‘లిక్’ ఒక్కటే, దాని బలం 20. మరోవైపు పాయిజన్ టైపు కావడంతో జెంగార్‌కు సైకిక్ దాడులంటే బలహీనత. ఆ తరం నిండా సైకిక్ పోకెమాన్లే.

అయినా అది పై శ్రేణిలో నిలబడింది. నార్మల్ టైపు దాడులు దానికి తగలకపోవడమే ఇందుకు కారణం. ఆ తరాన్ని ఏలిన టారస్, స్నోర్లాక్స్ ప్రధానంగా బాడీ స్లామ్, హైపర్ బీమ్ వంటి నార్మల్ దాడుల మీద ఆధారపడేవి. ఎక్స్‌ప్లోజన్, సెల్ఫ్ డిస్ట్రక్ట్ కూడా నార్మల్ మూవ్‌లే. వీటన్నిటి ముందుకూ జెంగార్ నిర్భయంగా దిగగలిగేది. 60 శాతం కచ్చితత్వం ఉన్న హిప్నాసిస్‌తో ఎదుటివాణ్ని నిద్రపుచ్చి, చివరికి తానే ఎక్స్‌ప్లోజన్‌తో పేలిపోయి వెంట ఒకదాన్ని తీసుకుపోయేది. ఎక్స్‌ప్లోజన్ అప్పట్లో లక్ష్యం డిఫెన్స్‌ను సగానికి తగ్గించి లెక్కించేది. అందుకే 65 అటాక్‌తో కూడా ఆ పేలుడు ప్రాణాంతకంగా ఉండేది.

1999లో వచ్చిన రెండో తరం జెంగార్‌కు మరో పని అప్పగించింది. ఆ తరంలో స్పైక్స్ అనే మూవ్ వచ్చింది. ఎదుటి పక్షం నేల మీద ముళ్లు పరిస్తే, అక్కడికి కొత్తగా దిగి నేలను తాకే ప్రతి పోకెమాన్‌కూ నష్టం కలుగుతుంది. వాటిని తుడిచే రాపిడ్ స్పిన్ నార్మల్ టైపు మూవ్ కాబట్టి, ఎదురుగా ఘోస్ట్ ఉంటే పారదు. ముళ్లను కాపాడే ఈ పనిని ఆటగాళ్లు ‘స్పిన్ బ్లాకింగ్’ అంటారు. 2002లో మొదలైన మూడో తరంలో ఎబిలిటీలు ప్రవేశించి, జెంగార్‌కు లెవిటేట్ దక్కింది. దాంతో గ్రౌండ్ దాడులు దానికి తగలడం మానేశాయి. అంతకుముందు టారస్, స్నోర్లాక్స్ దాన్ని కొట్టడానికి వాడిన ఎర్త్‌క్వేక్ వ్యర్థమైపోయింది. నార్మల్, ఫైటింగ్, గ్రౌండ్ అనే మూడు ప్రధాన దాడుల నుంచి ఒకే పోకెమాన్‌కు పూర్తి రక్షణ లభించింది.

అంత రక్షణ ఉన్నా సొంత టైపు ఆయుధం మాత్రం లేదు. అప్పటి నియమం ప్రకారం దాడి ఫిజికలా స్పెషలా అన్నది టైపును బట్టి నిర్ణయమయ్యేది. ఘోస్ట్, పాయిజన్ రెండూ ఫిజికల్ కిందకు వచ్చేవి. అందువల్ల షాడో బాల్, స్లడ్జ్ బాంబ్ జెంగార్ చేతిలో 65 అటాక్ లెక్కనే పనిచేసేవి. 130 స్పెషల్ అటాక్‌ను థండర్‌బోల్ట్ వంటి పరాయి టైపు దాడుల మీద ఖర్చు చేయాల్సి వచ్చేది. మరోవైపు 110 అటాక్ ఉన్న స్నోర్లాక్స్ మూడో తరంలో అదే షాడో బాల్‌ను నేర్చుకుని జెంగార్‌నే దెబ్బకొట్టేది.

2006: ఒక నియమం, రెండు ఫలితాలు

నాలుగో తరంలో ‘డైమండ్’, ‘పెర్ల్’ తెచ్చిన మార్పు ఈ పరిశీలనకు కీలకం. ఫిజికల్, స్పెషల్ విభజన టైపుల వారీగా కాకుండా మూవ్‌ల వారీగా జరిగింది. షాడో బాల్ స్పెషల్ మూవ్ అయింది. జెంగార్ అంకె ఒక్కటీ కదలకుండానే దాని ప్రధాన దాడి వెనుక ఉన్న బలం 65 నుంచి 130కి, సరిగ్గా రెట్టింపుకు చేరింది. స్నోర్లాక్స్ షాడో బాల్ అదే దెబ్బకు దాని 65 స్పెషల్ అటాక్ లెక్కకు పడిపోయింది. ఫోకస్ బ్లాస్ట్ కూడా ఈ తరంలోనే వచ్చి ఘోస్ట్ దాడికి తోడైంది.

అయితే ఇదే నియమం జెంగార్‌కు శత్రువునూ తయారుచేసింది. మూడో తరంలో డార్క్ దాడులన్నీ స్పెషల్ కాబట్టి టైరానిటార్ పర్స్యూట్ దాని 95 స్పెషల్ అటాక్ లెక్కన తగిలేది. విభజన తర్వాత పర్స్యూట్ ఫిజికల్ అయి 134 అటాక్ అండ సంపాదించింది. రెండింటి ముఖాముఖిని కాస్త దగ్గరగా చూద్దాం. పర్స్యూట్ బలం 40. లక్ష్యం వెనక్కి వెళ్లబోతే అది 80 అవుతుంది. సొంత టైపు కాబట్టి ఒకటిన్నర రెట్లు, జెంగార్ బలహీనత వల్ల మరో రెండు రెట్లు కలిపితే 240. జెంగార్ వెళ్లకుండా నిలబడితే 80 బలం ఉన్న క్రంచ్ సరిగ్గా అదే 240 బలంతో తగులుతుంది. వెళ్లినా ముప్పే, ఉన్నా ముప్పే. దీనికి విరుగుడు ఫోకస్ బ్లాస్ట్. రాక్, డార్క్ టైపుల టైరానిటార్‌కు అది నాలుగు రెట్లు తగులుతుంది. కానీ దాని కచ్చితత్వం 70 శాతమే. పైగా టైరానిటార్ తెచ్చే ఇసుక తుఫానులో రాక్ టైపుల స్పెషల్ డిఫెన్స్ ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. ఆటగాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్న ఊహాపోహల విద్య అంతా ఈ ఒక్క ముఖాముఖిలో కనిపిస్తుంది.

ఒకే నియమం ఒకే పోకెమాన్‌కు పదునైన ఆయుధాన్నీ, తప్పించుకోలేని వేటగాణ్నీ కలిపి ఇచ్చింది. బలం పెరగడం, తగ్గడం అన్న ఒంటి కొలబద్దతో దీన్ని వివరించలేం.

2010 నుంచి 2016 వరకు: శిఖరం, మలుపు

ఐదో తరంలో ఎక్స్‌ప్లోజన్ డిఫెన్స్‌ను సగం చేయడం ఆగిపోయింది. మొదటి తరం నుంచి జెంగార్ వాడుతున్న ఆత్మాహుతి దాడి దాదాపుగా ముగిసింది. 2013 నాటి ఆరో తరం ఆ లోటును పూడ్చింది. స్టీల్ టైపు ఘోస్ట్, డార్క్ దాడులను తట్టుకునే గుణాన్ని కోల్పోయింది. కొత్తగా వచ్చిన ఫెయిరీ టైపు పాయిజన్‌కు బలహీనం కావడంతో జెంగార్ రెండో టైపుకు తొలిసారి గట్టి ప్రయోజనం చేకూరింది. మరోవైపు అదే తరంలో డార్క్ మూవ్ నాక్ ఆఫ్ బలం 65కు పెరిగి, వస్తువును పడగొట్టినప్పుడు మరో సగం కలిసింది. డీఫాగ్ అనే మూవ్ ఇరు పక్షాల ముళ్లనూ తుడిచేయడం మొదలుపెట్టింది. ఘోస్ట్‌లు ఆపగలిగేది రాపిడ్ స్పిన్‌నే, డీఫాగ్‌ను కాదు. దాంతో స్పిన్ బ్లాకింగ్ విలువ పడిపోయింది.

జెంగార్‌కు నేరుగా దక్కిన పెద్ద వరం మెగా ఎవల్యూషన్. మెగా జెంగార్ స్పెషల్ అటాక్ 170, స్పీడ్ 130. దాని షాడో ట్యాగ్ ఎబిలిటీ ఎదుటి పోకెమాన్‌ను వెనక్కి వెళ్లనివ్వదు. పర్స్యూట్ నుంచి తప్పించుకోలేక నలిగిన పోకెమాన్ ఇప్పుడు తానే ఇతరులను బంధించే స్థితికి చేరింది. స్మోగన్ ఆ తరంలోనే దాన్ని పై శ్రేణి నుంచి నిషేధించి, ఊబర్స్ అనే నిషిద్ధ పోకెమాన్ల శ్రేణికి పంపింది. డబుల్స్‌లో షాడో ట్యాగ్‌కు పెరిష్ సాంగ్ జోడించి, ఎదుటి ఇద్దరినీ వెనక్కి వెళ్లనివ్వకుండా పడగొట్టే వ్యూహం స్థిరపడింది. 2016లో శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రపంచ విజేతగా నిలిచిన వుల్ఫ్ గ్లిక్ జట్టులోనూ జెంగార్ ఉంది.

అదే ఏడాది నవంబరులో ‘సన్’, ‘మూన్’ విడుదలయ్యాయి. జెంగార్ నుంచి లెవిటేట్ తీసేసి కర్స్‌డ్ బాడీ ఇచ్చారు. తనను తాకిన మూవ్‌ను 30 శాతం సందర్భాల్లో కొంతసేపు పనిచేయకుండా చేసే ఎబిలిటీ ఇది. దెబ్బ తిన్న తర్వాతే అవకాశం వచ్చే ఈ గుణం 60 హెచ్.పి., 60 డిఫెన్స్ ఉన్న ప్రాణికి పెద్దగా అక్కరకు రాదు. పోయిందేమో దెబ్బే తగలనివ్వని గుణం. ఎర్త్‌క్వేక్ ప్రతి రెండో జట్టులో ఎదురయ్యే రంగంలో, ఉచితంగా దిగే అవకాశాన్ని జెంగార్ కోల్పోయింది. నేల మీద నిలిచినందున టాక్సిక్ స్పైక్స్‌ను పీల్చేసే సౌకర్యం వచ్చింది, మామూలు స్పైక్స్ మాత్రం గుచ్చుకోసాగాయి.

2019 తర్వాత: ఒక పనికి మరొకరు

ఎనిమిదో తరం ఈ వ్యాస ప్రతిపాదనకు నిజమైన పరీక్ష. అందులో పర్స్యూట్‌ను గేము నుంచే తొలగించారు. జెంగార్‌ను వెంటాడిన మూవ్ లేకుండా పోయింది. శత్రువు పోతే స్థానం మెరుగుపడాలి. అలా జరగలేదు. ఎందుకంటే అదే తరంలో డ్రాగన్, ఘోస్ట్ టైపుల డ్రాగపల్ట్ 142 స్పీడ్‌తో వచ్చింది. 100వ లెవెల్‌లో, వేగం పెంచే స్వభావంతో, పూర్తి శిక్షణతో జెంగార్ స్పీడ్ 350. అదే లెక్కన డ్రాగపల్ట్‌ది 421. తొమ్మిదో తరంలో ఘోస్ట్, ఫెయిరీ టైపుల ఫ్లటర్ మేన్ 405కు చేరుతుంది. స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్ రెండూ 135 కావడం దానికి అదనపు బలం. తక్కువ రక్షణ ఉన్న ప్రాణికి ముందుగా కొట్టడమే కవచం. వేగంలో రెండో స్థానానికి జారితే ఆ కవచం ఊడిపోతుంది.

స్పిన్ బ్లాకింగ్ కూడా చేయి మారింది. స్టీల్, ఘోస్ట్ టైపుల గోల్డెంగో ఘోస్ట్‌గా రాపిడ్ స్పిన్‌ను ఆపుతుంది, గుడ్ యాజ్ గోల్డ్ ఎబిలిటీతో డీఫాగ్‌నూ ఆపుతుంది. దాని స్పెషల్ అటాక్ 133, జెంగార్ కంటే మూడు ఎక్కువ. తొమ్మిదో తరం సింగిల్స్‌లో జెంగార్ కింది శ్రేణులకే పరిమితమైంది.

చర్చ

పవర్ క్రీప్ ఒక్కటే కారణమైతే జెంగార్ రేఖ మొదటి తరం నుంచి తొమ్మిదో తరం వరకు ఏకధాటిగా దిగాలి. వాస్తవం అలా లేదు. మూడో తరంలో రక్షణ, నాలుగో తరంలో దాడి, ఆరో తరంలో టైపుల పట్టిక దాన్ని పైకి లేపాయి. వీటిలో లెవిటేట్ మినహా మిగతావి జెంగార్‌ను ఉద్దేశించినవి కావు, గేము మొత్తానికి చేసిన మార్పులు. పతనం కూడా ఒక్క కారణంతో రాలేదు. లెవిటేట్ పోవడం నియమం చేసిన పని, డ్రాగపల్ట్, ఫ్లటర్ మేన్ రావడం పవర్ క్రీప్ చేసిన పని. రెండూ వెంటవెంటనే రావడమే నిర్ణాయకమైంది. పర్స్యూట్ పోయినా కోలుకోలేకపోవడం దీన్ని బలపరుస్తోంది.

జెంగార్ మూడు ఆధారాల మీద నిలబడింది. దెబ్బ తగలనివ్వని గుణాలు, ముందుగా కదిలే వేగం, సొంత టైపు దాడి. మొదటి మూడు తరాల్లో మూడోది లేదు. ఏడో తరంలో మొదటిది తరిగింది, ఎనిమిదో తరంలో రెండోది తరిగింది. మూడూ ఒకేచోట కలిసిన కాలం నాలుగు నుంచి ఆరో తరం వరకే. అదే దాని స్వర్ణయుగం.

ఉపసంహారం

ఒక పోకెమాన్‌ను ‘బలమైనది’, ‘పనికిరానిది’ అని తరంతో నిమిత్తం లేకుండా తీర్పు చెప్పడం శాస్త్రీయం కాదు. ఏ తరం, ఏ పోటీ పద్ధతి, ఏ పని కోసం అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాకే ఆ తీర్పుకు అర్థం ఉంటుంది. గేము రూపకర్తలకూ ఇందులో ఒక సూచన ఉంది. పాతబడిన పోకెమాన్‌ను నిలబెట్టడానికి అంకెలు పెంచడం ఒక్కటే దారి కాదు. నాలుగో తరంలో ఒక్క అంకె కూడా పెంచకుండానే జెంగార్ దాడి రెట్టింపైంది. తెలుగులో వీడియో గేముల అధ్యయనం ఇంకా మొదటి అడుగుల్లోనే ఉంది. ఈ రంగంలోకి వచ్చే పరిశోధకులు ప్రాణుల జాబితాలతో పాటు నియమాల చరిత్రను కూడా తరాల వారీగా నమోదు చేయాలని కోరుతున్నాను. గెలుపోటముల కారణాలు ఎక్కువగా దొరికేది అక్కడే.