ఘ. వి. : పంచాంగములోని రెండక్షరములు

పాత పంచాంగములలో తిథి ప్రక్కన "ఘ. 5-30" అని యుండును. మొదటి అంకె ఘటికలు, గీత తరువాతిది విఘటికలు. 60 విఘటికలు ఒక ఘటిక, 60 ఘటికలు ఒక అహోరాత్రము. కనుక ఘటిక 24 నిమిషములు, విఘటిక 24 సెకండ్లు.

ఘటిక యనగా తొలుత కుండయే. అడుగున సన్నని రంధ్రము గల రాగిపాత్రను నిర్మలజలముపై నుంచగా అది అహోరాత్రమున 60 మార్లు మునుగునని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. విఘటికలో ఆరవ వంతు ప్రాణము. అది స్వస్థుడైన మనుష్యుని ఒక్క శ్వాస, స్థూలముగా 4 సెకండ్లు. దినమునకు ప్రాణములు 21,600. వృత్తమునకు కలలును 21,600. ఒక ప్రాణకాలమున నక్షత్రచక్రము ఒక కల తిరుగునన్నది, క్రీ.శ. 499 నాటికి 23 ఏండ్లవాడైన ఆర్యభటుని మాట. శ్వాసకును ఆకాశమునకును ఇట్లు ఒకే మానము కుదిర్చిన పూర్వుల బుద్ధి సామాన్యమైనది కాదు.

ఘటికలను రెండుతో గుణించి ఐదుతో భాగించిన గంటలు వచ్చును. అయితే ఆ లెక్క సూర్యోదయము నుండి. దీనినే పలువురు మరతురు. ద్వాదశి ఘ. 5-30 అన్నచో 2 గంటల 12 నిమిషములు. సూర్యోదయము 6-20కి అయినచో 8-32కే ద్వాదశి ముగియును. దానిని సాయంకాలము 5-30గా చదివినవాడు ఏకాదశినాడు నిష్ఠగా ఉపవసించియు, పారణ త్రయోదశిలో చేయును!

నేటి పంచాంగములు గంటలనే ముద్రించుచున్నవి. చిక్కు "తె." అను అక్షరమునకు మారినది. ఆదివారము ఎదుట తె. 3-20 అని యున్నచో అప్పటికి ఆంగ్లతేదీ మారియుండును గాని వారము మారదు. సోమవారము సూర్యోదయముతోనే మొదలగును.