ఘణపురము చెరువు, భాగ్యనగరపు నీడ

నిలువ నీడ లేనివారిని గూర్చి నగరములు యోచించుట క్రొత్తవిషయము గాదు. కాని ఆ యోచన యెచట ఆరంభము గావలయునను విషయమున నగరపాలకుల లెక్కకును, వనపర్తి సీమలోని ఖిల్లా ఘణపురము వంటి యూరి లెక్కకును పొత్తు కుదురదు. నగరము తన వీథి యరుగుపై పండుకొన్నవానిని జూచి లెక్క మొదలుపెట్టును. ఘణపురమో, వాడు ఊరిలో తన యింటికి తాళము వేసిన దినమునుండి లెక్కింపుమనును. ఇంకను వెనుకకు బోయి, చెరువు అడుగంటిన యేటినుండి లెక్కింపుమనును. ఈ సీమ యున్న పాలమూరు, అనగా మహబూబ్‌నగరు, చరిత్రను చదివినకొలది నాకు రెండవ లెక్కయే సరియని తోచుచున్నది.

గోన వంశీయుడగు గణపరెడ్డి పేర వెలసిన యూరిది. 13వ శతాబ్దిలో కాకతీయులకు సామంతులై, నేడు నంది వడ్డెమాను అనబడు వర్ధమానపురమునుండి ఈ సీమ నేలినవారు గోనవారు. రంగనాథ రామాయణకర్తగా ప్రసిద్ధుడైన బుద్ధారెడ్డియు ఆ యింటివాడే. చూడవచ్చినవారందరును కొండపై కోట నెక్కి, బురుజులను మెచ్చుకొని దిగిపోవుదురు. నా మట్టుకు ఆ కోటకంటె దాని సమీపమున గణపసముద్రమను పేర బరగు చెరువే ఘనతరమైన నిర్మాణము. శత్రువు వచ్చిననాడే కోట అక్కరకు వచ్చును, చెరువో ప్రతి సంవత్సరమును కాపాడును. కట్ట తెగకుండ మత్తడి, మత్తడి దూకకమునుపే మడికి నీరందుటకు తూము, తూము తెఱచి మూసి ఎవరి వంతు వారికి పంచుటకు నీరటికాడు, ఆ నీరటికానికి పంటలో పాలు: ఇంత యేర్పాటు ఉన్నచోట ఊరు విడువవలసిన యవసరము అరుదు. చెరువు త్రవ్వించి నిలుపువారికి దశబంధమను పేర భూమి నిచ్చు ఆచారము కాకతీయుల కాలపు శాసనములలో కానవచ్చును. గృహనిర్మాణ శాఖలు పుట్టుటకు ఆఱువందల సంవత్సరములకు పూర్వమే ప్రజలను ఇండ్లలో నిలిపి యుంచిన శాఖ ఇది యన్నచో అతిశయోక్తి గాదు.

అట్టి యేర్పాటు సడలిన పిదప జరిగిన కథ అందరెరిగినదే. కృష్ణయు తుంగభద్రయు ఒరసికొని పాఱుచున్నను, పొలములు ఎత్తున నుండుటచే ఆ నీరు పాలమూరునకు అందలేదు. వాన మోసగించిన యేడు చెరువొక్కటే దిక్కు, ఆ చెరువులో పూడిక పేరుకొన్నచో కూలీలను పనికి కొనిపోవు మేస్త్రియే దిక్కు. 1876–78 నాటి ధాత కరువు దక్కనునంతటిని కలచివేసినది; ఇరువదవ శతాబ్దిలో కరువు రాని యేట గూడ వలస పోవుట పరిపాటియయ్యెను. గుంపుమేస్త్రి పండుగనాటికి ఊరికి వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, ఆలుమగలను జంటగా లెక్కించుకొని పోవును. ఇంట ముసలితల్లి మిగులును. చంటిబిడ్డ తల్లితో పోవును. జొన్నపిండి మూట, ఇనుప పెనము, పలుగు, పార, తట్ట, రెండు గోనెసంచులు: పయనమగు సంసారమంతయు నింతే. పనిచోట గోనెపట్టాయే యిల్లు, చెట్టుకొమ్మకు గట్టిన చీరయే ఉయ్యెల. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమున రాయి మోసినవారిలో పాలమూరు కూలీల పేరు దేశమంతట మ్రోగినది. ఆ యానకట్టయొక్క కాలువలు మాత్రము వారి పొలములవైపు చూడలేదు. 2003 ప్రాంతమున జిల్లానుండి ముంబైకి పోవు బస్సులు వారమునకు ముప్పదికి మించెనని పత్రికలు వ్రాసెను. పదేండ్లకు ముందు అవి వారమునకొక్కటి.

వీరికి పని కల్పించిన యానకట్టలలో నొకటి వీరి యింటినే మ్రింగిన కథ యొకటి కలదు. శ్రీశైలము జలాశయమునకై 1981లో కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో వందకు పైగా గ్రామములు ఖాళీ చేయబడెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాయి రాయి విప్పి తెచ్చి, అలంపురమున మరల యథాతథముగా నిలిపిరి. ఆ శిల్పులకు నమస్కారము. అయినను, గుడికి దొరకిన యంతటి శ్రద్ధ ఆ గ్రామములలో ఏ గడపకు దొరకినదని యడుగక మానలేము.

ఇక నగరము చేసిన యోచన. బాటసారికి నీడ కల్పించుట పుణ్యమని నమ్మిన గోల్కొండ కాలమున హయాత్ బక్షీ బేగము నేటి హయాత్‌నగరమున మసీదుతోబాటు సరాయిని గూడ కట్టించెను. భాగ్యనగరమున నిజమైన ప్రణాళికను పుట్టించినది మాత్రము ధర్మచింతన గాదు, మూసీ వరద. 1908 సెప్టెంబరు 28న నది పొంగి వేలకొలది ప్రాణములను, ఇండ్లను తుడిచిపెట్టినపిమ్మట, 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడెను. ఇరుకుసందులలోని మురికివాడలను తొలగించి, వెడల్పు దారులు తీర్చి, పేదలకు ఇండ్లు కట్టి అద్దెకిచ్చుట దాని పని. ఆ సంస్థను నేను తక్కువ చేయను; ఆకాలమున మనదేశమున ఇంత పూనికతో ఈ పని చేసిన నగరములు కొన్నియే. అయినను, ఆ యిండ్లు నగరములో అప్పటికే నివసించువారికి. అడ్డామీద పని దొరకునో దొరకదో యని తెల్లవారుజామున నిలుచు పాలమూరువాడు అద్దె చీటీ యేమి చూపగలడు? దాదాపు శతాబ్దము గడచిన పిదప, 2010లో, లక్ష జనాభాకొక ఆశ్రయము చొప్పున కల్పింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశింపగా గాని వానిని ఏ పట్టికయు లెక్కలోనికి తీసికొనలేదు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి పథకము మనిషికి 50 చదరపు అడుగుల చోటు నిర్ణయించినది. ఆలుమగలు, బిడ్డ, పెనము, పార: అన్నియు కలిసి వచ్చు సంసారమునకు, పురుషులకొక గది, స్త్రీలకొక గది యను పద్ధతి పొసగదు; కుటుంబములకు వేఱుగ ఆశ్రయము కల్పింపవచ్చునని ఆ పథకపు నిబంధనలును చెప్పినవి.

ఇటీవల కల్వకుర్తి ఎత్తిపోతలనుండి ఘణపూర్ బ్రాంచి కాలువ ద్వారా కృష్ణాజలము ఈ సీమకు చేరుచున్నది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పాత చెరువుల పూడిక తీయబడినది. తాళములు తీసినవారు కలరు, తీయని వారును కలరు. కథ అంతటితో ముగియలేదు. నీరు వచ్చి వరి పెరిగిన తెలంగాణ మళ్లలో ఇప్పుడు నాట్లు వేయుటకు బీహారునుండి, బెంగాలునుండి కూలీలు గుంపులుగా దిగుచున్నారు. పరరాష్ట్రపు పనివానికి కాంట్రాక్టరు తగిన వసతి కల్పింపవలయునని 1979 నాటి వలసకార్మికుల చట్టము శాసించినది. పాలమూరు కూలీలు దానిని ఏండ్లతరబడి అడిగి విసిగినారు. ఈ నాట్లవారు రాత్రి ఎచట పండుకొనుచున్నారో విచారించుట యిపుడు మన గ్రామముల వంతు.