సోంపేట సర్దార్

1954 నవంబరు 6న కర్నూలు శాసనసభలో ఓట్లు లెక్కపెట్టారు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా 69, అనుకూలంగా 68. ఆంధ్ర రాష్ట్రం పుట్టి పదమూడు నెలలు దాటాయంతే, తొలి ప్రభుత్వం పడిపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులంతటి వాణ్ణి గద్దె దింపింది కల్లు గొడవ. ఆ గొడవను వీధిలోకి తెచ్చినవాడు ఒక చిన్న పార్టీ నాయకుడు, గౌతు లచ్చన్న.

శ్రీకాకుళం తీరంలోని బారువలో 1909 ఆగస్టు 16న ఒక కల్లుగీత కుటుంబంలో పుట్టాడాయన. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లాడు, ఆచార్య ఎన్.జి. రంగా శిష్యుడై రైతు ఉద్యమంలో దిగాడు. జనం ‘సర్దార్’ అన్నారు. 1951లో రంగా కాంగ్రెస్ విడిచి కృషికార్ లోక్ పార్టీ పెడితే గురువు వెంటే నడిచాడు. మరుసటి ఏడాది 375 స్థానాల మద్రాసు శాసనసభలో ఆ పార్టీకి దక్కినవి 15.

మద్యనిషేధం మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రకు వారసత్వంగా వచ్చింది. గాంధేయులకు అది ఆదర్శం, గీత కార్మికుడికి కూటి సమస్య. మోకు వేసుకుని తాడెక్కి, గెల కొసను కత్తితో పలచగా చెక్కి ముంత కట్టాలి. రోజూ చెక్కకపోతే ధార ఆగిపోతుంది. ముంతకు సున్నం పూసి తీపి నీరా తియ్యమంది చట్టం. సున్నం తగ్గిందా, పూట తిరక్కుండానే అది పులిసి కల్లవుతుంది, గీసినవాడు నేరస్థుడవుతాడు. మద్యనిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసినా ప్రకాశం ఒప్పుకోలేదు. లచ్చన్న గీత కార్మికులతో సత్యాగ్రహం చేయించాడు. ఉప్పు సత్యాగ్రహం నాటి ఆయుధాన్నే ఆనాటి కాంగ్రెస్ వాళ్ల మీదికి తిప్పాడన్నమాట!

అవిశ్వాసానికి కమ్యూనిస్టులూ చెయ్యి కలిపారు. రంగా, లచ్చన్నలకు కమ్యూనిస్టులంటే పడదు. అయినా ఆ రోజుకు లెక్క కుదిరింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికలకు కాంగ్రెస్, కృషికార్, ప్రజా పార్టీలు కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా ఒకే కూటమి కట్టాయి. కూల్చినవాళ్లూ కూలినవాళ్లూ ఒకే పందిరి కిందికి చేరారు. 196 స్థానాల్లో కూటమికి 146 వస్తే, అందులో కృషికార్ వాటా 22. బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్నకు చోటు దొరికింది.

తర్వాత జెండాలు మారుతూ పోయాయి. 1959లో రంగా అధ్యక్షుడిగా స్వతంత్ర పార్టీ వచ్చింది, లచ్చన్న అందులోకి. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానం గెలిచి, ఆ సీటును గురువు కోసం వదులుకున్నాడు. ఉప ఎన్నికలో రంగా గెలిచి ఢిల్లీ వెళ్లాడు. ఎంపీ సీటును ఇలా చేతిలో పెట్టే శిష్యులు ఏ కాలంలోనైనా అరుదే. జై ఆంధ్ర ఉద్యమంలోనూ ఆయన ముందువరసలో నిలిచాడు. 1978లో జనతా పార్టీ 60 స్థానాలతో ప్రతిపక్షమైనప్పుడు దాని నాయకుడు ఆయనే.

ఇన్ని పార్టీలు మారినవాణ్ణి నిలకడ లేనివాడనడం తేలిక. కానీ ఆయన మారినప్పుడల్లా రంగా వెంట మారాడు, లేదా కాంగ్రెస్‌కు ఎదురుగా మారాడు. తన నియోజకవర్గం సోంపేటను మాత్రం విడవలేదు. ఆయన కొడుకు శివాజీ తెలుగుదేశం తరఫున అక్కడి నుంచే గెలిచాడు.

లచ్చన్న 2006 ఏప్రిల్ 19న కన్నుమూశాడు. 1954లో ఆయన పోరు ప్రభుత్వాన్ని కూల్చింది గానీ చట్టాన్ని కూల్చలేదు. తాను మంత్రిగా ఉన్న ప్రభుత్వం కూడా దాన్ని ఎత్తెయ్యలేదు. ఆంధ్ర ప్రాంతంలో మద్యనిషేధం 1969 దాకా సాగింది.