రంగిటోటో : ఒక పేరు, రెండు అర్థాలు

న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ రేవున నిలబడి ఈశాన్యదిక్కుగా చూస్తే, సముద్రంమీద బోర్లించిన మూకుడువలె ఒక కొండ కనబడుతుంది. దాని పేరు రంగిటోటో. మన చెవికి ‘రంగితోట’ అన్నట్లు వినబడుతుంది గాని, అక్కడ రంగీ లేదు, తోటా లేదు. అది అగ్నిపర్వతద్వీపం. ఆక్లండ్ ప్రాంతంలోని యాభైకి పైగా అగ్నిపర్వతాలలో కడగొట్టుది, అన్నిటిలోకి పెద్దది. సుమారు 600 ఏండ్ల క్రిందట సముద్రాన్ని చీల్చుకొని పైకి వచ్చింది. దాని ఎత్తు సుమారు 260 మీటర్లు.

ఫెర్రీ ఎక్కితే అరగంటలోపు ప్రయాణం. పొద్దున వెళ్ళి సాయంకాలానికి తిరిగి రావచ్చు. నేనూ అట్లే వెళ్ళివచ్చాను. పడవలో తోటిప్రయాణికుడొకరు ఆ పేరును నాకు విడమరచి చెప్పారు. మావోరీ భాషలో రంగి అంటే ఆకాశం, టోటో అంటే రక్తం. కొండ నిప్పులు కక్కినప్పుడు ఆకాశం నెత్తురువర్ణం దాల్చింది గనుక ‘రక్తాకాశం’ అన్నారట. వినడానికి సొంపైన వ్యుత్పత్తి. ఆ ఊళ్ళో చాలామంది ఇదే చెబుతారు.

మావోరీల సంప్రదాయం మాత్రం ఇంకొక మాట చెబుతుంది. ఈ పేరు ఒక పెద్దపేరుకు సంక్షిప్తరూపం. పూర్తిపేరు ‘టె రంగి ఇ టోటోంగియా ఆ టామటెకపువా’. టామటెకపువా రక్తం చిందిన రోజు అని అర్థం. ఈయన టె అరావా అనే మహానౌకకు నాయకుడు. టైనుయి నౌక నాయకుడైన హోటురోవాతో ఇక్కడ కలహించి గాయపడ్డాడని కథ. ‘రంగి’ శబ్దానికి ఆకాశమనే గాక, దినమనే అర్థం కూడా ఉండడమే చిక్కుకు మూలం. మనకిది వింత గాదు. సంస్కృతంలో ‘దివ’ శబ్దానికీ ఆకాశం, పగలు అనే రెండర్థాలూ ఉన్నవి. ఏ అర్థం గ్రహించాలో సందర్భం చెప్పాలి. పేరును కుదించేసరికి ఆ సందర్భమే జారిపోయింది.

ఇది నిఘంటువుల తగవు మాత్రమే అయితే నేను ఇంత వ్రాసేవాణ్ణి కాదు. ‘ఆకాశం’ అన్నప్పుడు ఆ పేరులో ప్రకృతి మాత్రమే మిగులుతుంది. ‘రోజు’ అన్నప్పుడు అందులో ఒక మనిషి, ఒక తగాదా, ఒక జాతి జ్ఞాపకం నిలుస్తాయి. నల్లని లావారాళ్ళ పగుళ్ళలో వేళ్ళూనిన పొహుటుకావా చెట్లను చూసే యాత్రికుడికి ఇది మనుషులెరుగని చోటనిపించడం సహజమే. కాని ప్రక్కనే ఆనుకొని ఉన్న మోటుటాపు ద్వీపంలో, ఈ కొండ కురిపించిన బూడిదపొరల నడుమ మనుషుల అడుగుజాడలూ కుక్కల అడుగుజాడలూ బయటపడ్డాయి. ఒక పొర పడి, మరొకటి పడకమునుపే వారు అక్కడ నడిచారన్నమాట! కొండ పుట్టుకను కళ్ళారా చూసినవారు వారు.

ఆ ద్వీపాన్ని 1854లో బ్రిటిష్ ప్రభుత్వం 15 పౌండ్లకు కొన్నది. 1925 నుండి 1936 వరకు ఖైదీలచేత రోడ్లు వేయించారు. తిరుగుదారిలో నేను ఆ రోడ్డునే పట్టుకొని రేవుకు దిగాను. చెప్పులలోనుంచి గుచ్చుకొనే ఆ రాళ్ళను కొట్టి పరచినవారి పేర్లు ఏ కొండకూ లేవు. 2014లో న్యూజీలాండ్ పార్లమెంటు చేసిన చట్టం ఈ ద్వీపంతో అక్కడి మావోరీ తెగలకు గల పూర్వసంబంధాన్ని గుర్తించింది. సంతోషమే. అయినా ఫెర్రీలో ప్రయాణికులు ఇంకా ఆకాశంగురించే చెప్పుకొంటున్నారు.

మిత్రులారా, మీ ఊరిపేరుకు అందమైన అర్థమొకటి ఎవరైనా చెబితే, దానితో తృప్తిపడక ఆ ఊరి ముసలివారిని కూడా ఒకమారు అడగండి. వారు చెప్పేది అంత అందంగా ఉండకపోవచ్చు. వ్రాసి ఉంచండి.