ఇనుప కుస్తీలకు ఇంటర్నెట్ ఊపిరి

పెద్ద ఉక్కు మూకుడు బోర్లించి, దాని కింద గడ్డి కోసే మిషను ఇంజిను బిగించి, అంచున ఉక్కు పళ్లు అమర్చి తిప్పితే ఏమవుతుంది? శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫోర్ట్ మేసన్ సెంటర్‌లో 1995లో రోబో వార్స్ పోటీలకు వెళ్లినవాళ్లు కళ్లారా చూశారు. ఆ రోబో పేరు బ్లెండో. దాన్ని జేమీ హైన్‌మన్ తయారుచేస్తే ఆడమ్ శావేజ్ సాయం పట్టాడు. తర్వాతి రోజుల్లో మిత్‌బస్టర్స్ కార్యక్రమంతో ప్రపంచానికి తెలిసింది ఈ ఇద్దరే. గిర్రున తిరిగే మూకుడు తగిలిన రోబోల ముక్కలు బరి గోడ దాటి జనంలోకి ఎగిరిపడ్డాయి. నిర్వాహకులు హడలిపోయి, సహవిజేత అని పట్టం కట్టి బ్లెండోను పోటీ నుంచి తప్పించేశారు.

ఈ పోటీలకు ఆద్యుడు మార్క్ థార్ప్. సినిమా మాయలకు పేరుమోసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో పనిచేసినవాడు. రిమోటుతో నడిచే వాక్యూమ్ క్లీనర్ చేయబోతే ఇల్లు ఊడ్చే పని కుదరలేదు గానీ, యంత్రాలకు కుస్తీ పెట్టాలన్న ఆలోచన పుట్టింది. 1994 ఆగస్టులో మొదటి రోబో వార్స్ జరిగింది. కొన్నేళ్లకే పెట్టుబడి పెట్టిన సంస్థతో తగువు కోర్టుకెక్కి, అమెరికాలో ఆ పోటీలు మూతపడ్డాయి. పేరు మాత్రం సముద్రం దాటి 1998లో బీబీసీ 2లో టీవీ కార్యక్రమమైంది.

అమెరికాలో మిగిలిన రోబోకారులను ట్రే రోస్కీ, గ్రెగ్ మన్సన్ కూడగట్టారు. వాళ్లు పెట్టిందే బాటిల్‌బాట్స్. మొదటి పోటీ 1999 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో జరిగింది. దాన్ని ముందు చూపించింది టీవీ కాదు, ఇంటర్నెట్. యూట్యూబ్ పుట్టడానికి ఇంకా ఆరేళ్లుంది. ఫోన్ తీగ మీద బొమ్మ నత్తనడక నడిచే ఆ రోజుల్లోనే ఈ ఆట నెట్‌లోకి వచ్చింది. చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం అసలు కథంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ఎందుకంటే టీవీ ఈ ఆటను ఎత్తుకున్నట్టే ఎత్తుకుని పలుమార్లు దించేసింది. కామెడీ సెంట్రల్ 2000లో మొదలుపెట్టి 2002లో ఆపేసింది. బ్రిటన్‌లో 2004తో తెరపడింది. 2015లో ఏబీసీ బాటిల్‌బాట్స్‌ను మళ్లీ లేపి, రెండు సీజన్లకే వదిలేసింది. 2016లో రోబో వార్స్‌ను బతికించిన బీబీసీ 2018లో చాలించింది. ఆ ఏడాదే డిస్కవరీ బాటిల్‌బాట్స్‌ను చేరదీసి 2023 దాకా నడిపింది. నడుమ ఖాళీ ఏళ్లలో ఆటను బతికించింది అభిమానులే. వీడియో క్యాసెట్లలో దాచుకున్న పాత పోటీలను ఒక్కొక్కటిగా యూట్యూబ్‌కు ఎక్కించారు. ఇప్పుడు బాటిల్‌బాట్స్ సొంత యూట్యూబ్ చానెల్లోనే పోటీలు దొరుకుతున్నాయి.

ఆట స్వభావం కూడా ఇంటర్నెట్ తెరకే సరిపోతుంది. ఒక్కో పోరు మహా అయితే మూడు నిమిషాలు. టీవీలో గంట నిండాలంటే ముచ్చట్లు, ప్రకటనలు కలపాలి. ఇక్కడ నేరుగా దెబ్బ దగ్గరికే వెళ్లవచ్చు, ఆపి వెనక్కి తిప్పవచ్చు.

అలా చూడదగ్గ రోబో బైట్ ఫోర్స్. 2015 బాటిల్‌బాట్స్ ఫైనల్లో అది టూంబ్‌స్టోన్‌ను ఓడించింది. టూంబ్‌స్టోన్ అంటే అడ్డంగా తిరిగే బరువైన ఉక్కు పట్టీ. అది తగిలితే ఎదుటి రోబో చక్రాలే ఊడిపోతాయి. అప్పటి బైట్ ఫోర్స్‌కు ట్యాంకు లాంటి పట్టాలు, పట్టి పైకెత్తే చేయి. 2018లో అదే పేరుతో వచ్చినది వేరే యంత్రం: చక్రాల మీద నడుస్తుంది, ముందు నిలువుగా తిరిగే ఆయుధం. మళ్లీ ట్రోఫీ దానిదే, 2019లోనూ దానిదే. రెండు వీడియోలు పక్కపక్కన పెట్టుకుంటే దాని రూపకర్త పాల్ వెంటిమిగ్లియా తన విజేతనే ఎందుకు విప్పి కొత్తగా కట్టాడో తెలుస్తుంది. తిరిగే వేగం రెట్టింపైతే ఆయుధంలో శక్తి నాలుగింతలవుతుంది. దాదాపు 113 కిలోల బరువు పరిమితిలో ఉండి దెబ్బ పెంచుకోవాలంటే ఇదొక దారి. పుస్తకంలో సూత్రంగా చదివినది ఇక్కడ రేకు చీలి ఎగురుతుంటే కనిపిస్తుంది.

2018 ఫైనల్లో ఓడిన మినోటార్ బ్రెజిల్‌ది. రియో డి జనీరోలోని పీయూసీ విశ్వవిద్యాలయానికి చెందిన రియోబాట్జ్ జట్టు కట్టింది. ఆ జట్టును నడిపించే ఆచార్యుడు మార్కో మెజ్జియోలారో పోరు రోబోల తయారీపై పెద్ద పుస్తకమే రాసి ఉచితంగా నెట్‌లో పెట్టాడు. మోటారు ఎంపిక, ఉక్కు రకాలు, బ్యాటరీ జాగ్రత్తలు అన్నీ అందులో ఉన్నాయి. ఐఐటీ బొంబాయి టెక్‌ఫెస్ట్ రోబోవార్స్‌కు తయారయ్యే కుర్రాళ్లకైనా, మన ఇంజినీరింగ్ కాలేజీ ఉత్సవాల్లో బరిలోకి దిగాలనుకునే జట్టుకైనా ఆ పుస్తకం, ఈ వీడియోలు పైసా ఖర్చు లేకుండా అందుతాయి. గెలిచిన పోరు కంటే ఓడిన పోరునే ఎక్కువసార్లు చూడమంటాను. ఏ బోల్టు ముందు తెగిందో, ఏ తీగ ఊడి రోబో ఆగిపోయిందో ఓడిన వీడియోలోనే దొరుకుతుంది.